తొమ్మిది తలల్లో ఒక బావి

నమోదు 1. జ్యేష్ఠం, గాలి లేదు

ఈరోజు నాకొక ఖాళీ ఆచార్యుణ్ణి అప్పగించారు.

పేరు జగన్నాయకులు మాస్టారు. పోయిన వారం దాకా మా నీలగట్టు విశ్వవిద్యాలయంలో ఊటశాస్త్రం తెలిసిన మనిషి ఆయనొక్కరే. సముద్రం మధ్య మిగిలిన దీవుల్లో మంచినీళ్లు ఎక్కడ పడతాయో, పడ్డ నీళ్లు ఉప్పెక్కకుండా ఎలా కాపాడుకోవాలో చెప్పే శాస్త్రం అది. వంపుడు గదిలో ఆయన తలకొక పాగా, ఎదుటివాళ్ల తలకొక పాగా చుట్టి, మధ్యన తీగ బిగించి వంపేశారు. పూట కూడా పట్టలేదు. వంపినవారి దగ్గర ఇక చుక్క మిగలదు. బిందెలోంచి బిందెలోకి నీళ్లు పోసినట్టే. కొన్ని వానాకాలాలు గడిస్తే కొందరిలో ఆ శాస్త్రం మళ్లీ మొలుస్తుంది. కొందరిలో మొలవదు.

నింపుకున్నవాడే ఖాళీ అయినవారికి సేవ చెయ్యాలని ఇక్కడి ఆచారం. ఈసారి నింపుకున్నది ఒక్కడు కాదు, తొమ్మిదిమంది. అది నా పుణ్యమే. "ఒక్కడి తలలోకే ఎందుకు పొయ్యాలి? మిగతావి తలలు కావా, గుమ్మడికాయలా?" అని వంపుడు గది గుమ్మానికి అడ్డంగా కూర్చున్నది నేను. 'పంచితే చదువు, దాచితే దొంగసొత్తు' అని నా దగ్గరున్న కరపత్రాల్లో పెద్ద అక్షరాలతో ఉంటుంది. రేవులో చేపలు పొట్లాలు కట్టే ఆ కాగితాలను ఏరుకుని, ఆరబెట్టుకుని చదువుకున్నాను నేను. పెద్దలు విసిగి సరేనన్నారు. శాస్త్రం తొమ్మిది పాళ్లయింది. చీటీలు తీస్తే నాకూ ఒక పాలు వచ్చింది.

"ధర్నా చేసింది నువ్వు, వరహాలూ. సేవా నువ్వే చెయ్యి. రోజూ ఏం జరిగిందో రాసి పెట్టు" అన్నారు విద్యార్థి సేవా విభాగం చూసే కళావతిగారు. నియమాలు కూడా చెప్పారు. మాస్టారి ముందు నీళ్ల శాస్త్రం మాట ఎత్తకూడదు. బావులున్న దారిలో నడిపించకూడదు. గిలక చప్పుడు వినిపిస్తే కిటికీ మూసెయ్యాలి.

"ఎందుకండీ?"

"ఆకలితో ఉన్నవాడి ముందు విస్తరి పరుచుకుని తింటామా?"

"ఆయనకీ ఒక విస్తరి వేస్తే సరి కదా!"

"మాటలో పెడితే శాస్త్రం పలచబడుతుందమ్మా. నీదీ పోతుంది, ఆయనకీ రాదు."

"పోవడం ఎవరు చూశారు?"

కళావతిగారు నా ముఖం కేసి చూసి, మాస్టారి గది తాళం నా చేతిలో పెట్టారు. 

నమోదు 2. జ్యేష్ఠం, ఉక్క

ఖాళీ మనిషంటే మతి పోయిన మనిషి అనుకున్నాను. అదేం కాదు. మాస్టారు అన్నం కలుపుకుంటారు, పేపరు చదువుతారు, నా జడ వంకరగా ఉందని ఎగతాళి చేస్తారు. ఒక్క శాస్త్రమే లేదు. ఇదివరకు అది ఉన్న చోట మాత్రం ఆయనకు తడబాటు. పొద్దున్న వరండాలో నడుస్తూ హఠాత్తుగా వంగి, పిడికెడు మట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత ఆ మట్టినీ నన్నూ మార్చి మార్చి చూశారు.

"దీన్ని ఎందుకు తీశానమ్మా?"

నాకు తెలుసు. మట్టిలో ఉప్పు వాసన చూస్తున్నారు. నియమం గుర్తొచ్చి, "చేతులు కడుక్కోండి మాస్టారూ" అన్నాను.

"నేనేం చెప్పేవాణ్ణి ఇక్కడ? లెక్కలా? సంగీతమా?"

"సంగీతం కాదు లెండి. మీరు రాగం తీస్తే వంటశాల ఖాళీ అవుతుంది."

పెద్దగా నవ్వారు. నవ్వుతూనే అరచేతిలోని మట్టిని చాలాసేపు చూశారు. నాకు జాలేసింది. తర్వాత కోపం వచ్చింది. నాకు ఏది వచ్చినా చివరికి కోపంగానే వస్తుంది.

నమోదు 3. జ్యేష్ఠం, పోటు ఎక్కువగా ఉంది

అప్పలకొండ వచ్చి తిట్టి వెళ్లాడు.

అతనిది గవ్వలదిబ్బ అనే చిన్న దీవి. ఊటశాస్త్రం మొత్తం అతని తలలోకి రావలసింది. అందుకోసమే వరసలో నిలబడి, తన వంతు దాకా వచ్చాడు. సరిగ్గా అప్పుడు నేను గుమ్మంలో కూర్చున్నాను. ఇప్పుడు వాళ్ల దిబ్బ మీదున్న ఒక్క బావీ ఉప్పెక్కుతోందట. నీళ్లు బాగుపడకపోతే దిబ్బ ఖాళీ చేయించడానికి శ్రావణంలో తరలింపు నావ వస్తుందని దీవుల బోర్డు చాటింపు వేయించింది.

"మా అప్ప కబురెట్టింది. సదువుకున్నోడివి గదా, ఒచ్చి బావి సూడమని. ఏటి సూడ్డానికెల్తాను నాను? తొమ్మిదో వంతు కన్నుతోనా?"

"నీకొక్కడికే మొత్తం ఇస్తే, రేపు నువ్వు సముద్రంలో పడి చస్తే శాస్త్రం ఏమవుతుంది? ఆలోచించావా?"

"ఓలమ్మో, నా సావు దాకా ఆలోసించీసినావేటి! మరి మావోలు తాగే నీలు గురించి ఆలోసించినావా? నివ్వు పంచినది సదువు కాదే. గేదెని నరికి, తలా ఒక కాలు ఇచ్చినావు. ఇప్పుడు పాలు పితుకు, సూద్దాం!"

నేను నాలుగు కరపత్రాలు అప్పజెప్పాను. అతను అయిదోది వినకుండా వెళ్లిపోయాడు.

నమోదు 4. ఆషాఢం మొదలు

పాళ్లు పంచుకున్న మిగతా ఎనిమిదిమందినీ పిలిచాను. భోజనశాలలో గుండ్రంగా కూర్చున్నాం. మాట్లాడితే పాళ్లు పలచబడతాయి కాబట్టి, ఎవరికేం తెలుసో ఎవరూ చెప్పరు. చెప్పమని అడగడమే బూతుమాట ఇక్కడ. ఎవరి సలహా వాళ్లు ఒక్క ముక్కలో చెప్పాలి, తర్వాత చేతులెత్తాలి. ఈ పద్ధతి నేనే పెట్టాను. ఎక్కువమంది అన్నదే న్యాయం కదా.

నూకరత్నం అని ఒక అమ్మాయి ఉంది. ఆమె సలహా ఒక్కటే: మంచినీరు తగ్గితే లోతుకు వెళ్లు. "తవ్వాల. ఇంకా లోతుకి తవ్వాల" అంది, పెళ్లి ముహూర్తం పెట్టినంత ధీమాగా. నా పాలు ఏదో వద్దన్నట్టు లోపల కదిలింది. కానీ ఎందుకు వద్దంటోందో నాకే తెలియలేదు. నూకరత్నం ధీమా చూసి నేనూ చెయ్యెత్తాను. అప్పలకొండ ఎత్తలేదు. మిగతావాళ్లంతా ఎత్తారు.

తీర్మానం పట్టుకుని అతను పడవెక్కాడు. రేవులో నాకు గర్వంగా ఉంది. ఈ విశ్వవిద్యాలయంలో చేతులెత్తి తేల్చిన మొదటి శాస్త్రం ఇదే.

నమోదు 5. ఆషాఢం, ముసురు పట్టినా వాన లేదు

తవ్వారు. బావిలోకి సముద్రం వచ్చింది.

అప్పలకొండ తిరిగొచ్చాడు. తిట్టలేదు. భోజనశాలలో నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు, కంచం కడుక్కున్నాడు, వెళ్తూ వెళ్తూ "మొన్నటి దాకా ఆ నీలు పిల్లలకైనా పనికొచ్చీవి" అన్నాడు. అంతే.

తిట్టి ఉంటే బాగుండేది.

నమోదు 6. అదే ముసురు

ఈరోజు నియమం తప్పాను. దాచను, రాసే పెడుతున్నాను.

మాస్టారికి పాలు కాచి ఇచ్చాను. ఆయన మీగడను చెంచాతో పక్కకు నెడుతున్నారు. అది చూస్తుంటే నా తలలోని పాలు కుతకుతమంది. దిబ్బ మీది పిల్లలు గుర్తొచ్చారు. నోరు నా మాట వినలేదు.

"అది ఇదేనండీ! దీవి కింద ఇసకలో మంచినీళ్లు ఇలాగే ఉంటాయి. వాన నీరు తేలిక, సముద్రపు నీరు బరువు. మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద మీగడ కట్టినట్టు తేలుతూ ఉంటాయి!"

అనేసి నాలుక కరుచుకున్నాను. ఆయన ఏడుస్తారని చూశాను. ఆయన చెంచా పైకెత్తి పట్టుకుని అలాగే ఉండిపోయారు.

"అబ్బ! ఎవరమ్మా కనిపెట్టింది?"

"మీరే చెప్పేవారు మాస్టారూ."

"నేనా? ఎంత తెలివైనవాణ్ణి!" అని చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. తర్వాత చెంచాను గ్లాసు అడుగుదాకా దించారు. "అయితే ఇంత లోతు నుంచి తోడితే ఏమవుతుంది? మీగడ రాదుగా?"

 నా పాలు ఎందుకు వద్దందో అప్పుడు తెలిసింది. లోతుకు తవ్విన బావి మీగడను చీల్చుకుని కిందికి పోయింది. మీగడ సంగతి నా తలలోనే ఉంది. కానీ ఈ ప్రశ్న లేదు. ప్రశ్న ఖాళీ తలలో ఉంది.

అప్పుడు భయం పట్టుకుంది. చెప్పేశానే! నాది పోయి ఉంటుందే! కళ్లు మూసుకుని వెతుక్కున్నాను. ఉంది. మొత్తం ఉంది. పైగా ఇందాకటి కంటే చిక్కగా ఉంది.

నమోదు 7. ఆషాఢం, చినుకులు

పరిశోధన అంటే ఏమిటో ఇన్నాళ్లూ నాకు తెలియదు. వంపుడు గదిలో వరసలో నిలబడడమే అనుకున్నాను. ఈరోజు నాకు నేనుగా ఒక పరిశోధన చేశాను.

నా పాలులో సగం విషయం రోజంతా అందరికీ చెప్పాను. మిగతా సగం ఎవరికీ చెప్పలేదు. ఏ సగం పలచబడుతుందో చూద్దామని. వంటశాలలో చెప్పాను. గట్టు మీద మేస్తున్న మేకకు కూడా చెప్పాను. మేక చివరిదాకా వినలేదు గానీ, నా దగ్గర మాత్రం చెప్పిన సగమే కొత్త నాణెంలా మెరుస్తోంది. చెప్పని సగం ఎక్కడ పెట్టానో వెతుక్కోవలసి వచ్చింది.

అంతకంటే వింత ఇంకోటి. నిన్న నేను చెప్పింది ఈరోజు మాస్టారు నాకు తిరిగి చెప్పారు. నాలుగు చోట్ల తప్పులు, ఒక చోట నాకంటే బాగా. పాగా లేదు, తీగ లేదు. మాటే నడిచి వెళ్లింది. వెళ్లి కూడా నన్ను వదల్లేదు.

ఆ మాటకొస్తే, కరపత్రాలు నాకెవరు వంపారు? ఎవరూ వంపలేదు. చదివాను. రేవుల్లో గొంతు పోయేలా అరిచాను. ఒక్క అక్షరం తగ్గిందా? ఇంత ఎదురుగా ఉన్నది ఎవరికీ కనపడలేదేం? పూటలో నిండిపోయే దానికి ఎవరు కూర్చుని చెబుతారు, ఎవరు కూర్చుని వింటారు? చెప్పే అలవాటు పోయింది. తర్వాత చెప్పకూడదన్న ఆచారం వచ్చి, ఆ ఖాళీలో కూర్చుంది.

నమోదు 8. ఆషాఢం, వాన

మేకకు చెప్పిన సంగతి కళావతిగారి దాకా వెళ్లింది. ఆవిడ మాస్టారి గదికే వచ్చారు. నేను యుద్ధానికి సిద్ధమై నిలబడ్డాను. ఆవిడ అరవలేదు.

"మా గురువుగారు ఖాళీ అయినప్పుడు ఎవరో ఆయన ముందు నక్షత్రాల గురించి మాట్లాడారు, వరహాలూ. ఆయన రోజంతా ఏడ్చారు. ఆ నియమం ఊరికే పుట్టలేదు."

నా దగ్గర దీనికి కరపత్రం లేదు.  మాట్లాడింది మాస్టారు.

"ఆయనకు అర్థమయ్యేలా ఎవరైనా చెప్పారా అమ్మా? పక్కన కూర్చుని?"

"చెప్పలేదండీ. అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయాం."

"అందుకే ఏడ్చి ఉంటారు. నాకూ ఆకలిగానే ఉంది. ఈ పిల్ల వడ్డిస్తోంది. వంట అంత బాగుండదు, కానీ మీరు విస్తరి తీసెయ్యకండి."

కళావతిగారు కిటికీ దగ్గరకు వెళ్లారు. ఎక్కడో గిలక చప్పుడైంది. నేను అలవాటుగా కిటికీ మూయబోతే, "ఉండనీ" అన్నారు.

నమోదు 9. ఆషాఢం, వాన వెలిసింది

మాస్టారి వరండాలో తొమ్మిదిమందిమీ కూర్చున్నాం. ఈసారి చేతులెత్తడానికి కాదు, చెప్పుకోవడానికి. మొదట ఎవరూ నోరు విప్పలేదు. నలుగురిలో బట్ట విప్పమన్నంత సిగ్గు. నేను నాది చెప్పి, చెప్పాక కూడా నా దగ్గరే ఉందని మళ్లీ చెప్పి చూపించాను.

తర్వాత అప్పలకొండ మొదలుపెట్టాడు. అతని పాలంతా ఇసక. "ఇసకలో నీరు పక్కలకి నడుస్తాది. బండరాతిలో అలగ కాదు, సీలికల్లోనే దిగతాది."

నూకరత్నం ఒక్కసారి తల పట్టుకుంది. "ఒరే కొండా, నాది రాతిబావి పాఠంరా! కొండ మీద బావికి లోతుకెల్లాల. నా పాలులో తవ్వు అన్న మాటొక్కటే ఉన్నాది, రాయి అన్న మాట నీ కాడికొచ్చీసినాది!"

"మాట నా కాడికొస్తే, గోతిలో మావోలు పడినారా?"

"తిట్టు. ఇంకా తిట్టు. నాకు పడాల్సిందే."

"తిట్టను. సెప్పు, ఇంకేటున్నాది నీ కాడ?"

అలా ఒక్కో ముక్కా బయటికొచ్చింది. మధ్య మధ్య మాస్టారు అడ్డు తగులుతూనే ఉన్నారు. "ఒకే చోట గట్టిగా తోడితే, కింద నుంచి ఉప్పు గుబ్బలా లేవదూ?" "మరి పది చోట్ల మెల్లగా తోడితే?" తెలియక అడిగేవే అన్నీ. వాటికి బదులు చెప్పబోతేనే మా ముక్కల అంచులు ఒకదానికొకటి అతుకుతున్నాయి. సాయంత్రానికి దారి దొరికింది. చెడిన బావిని బంకమట్టితో పూడ్చెయ్యాలి. దిబ్బ నడుమ, ఒడ్డుకు దూరంగా, మోకాటి లోతు చెలమలు చాలా తియ్యాలి. పైపైన తేరుకున్న నీటిని చెంబులతో ముంచుకోవాలి తప్ప, మోటారు పెట్టకూడదు.

ఒక్క చోట మాత్రం అందరం ఆగిపోయాం. ఎంత వానకు ఎంత మీగడ కడుతుంది? ఎంతమందికి సరిపోతుంది? ఆ ముక్క ఎవరి దగ్గరా లేదు. ఇందరికి పంచేటప్పుడు తీగల్లోనే ఎక్కడో కారిపోయింది. అది నా ధర్నాకు పడిన వెల. ఈ మాట నేను పైకే అన్నాను. 

"అంటే ఇప్పుడు లోకంలో ఎవరికీ తెలియదా?" అన్నారు మాస్టారు.

"తెలియదండీ."

ఆయన కళ్లు మిలమిలా మెరిశాయి. "అయితే పదండి, చూద్దాం."

నమోదు 10. శ్రావణం, గవ్వలదిబ్బ

ఇది దిబ్బ మీదే కూర్చుని రాస్తున్నాను. కాగితాల నిండా ఇసక.

వచ్చిన రోజునే అప్పలకొండ వాళ్ల అప్ప, అంటే అక్క, మమ్మల్ని ఒడ్డున ఆపేసింది. పేరు పైడమ్మ. ఒక చేతిలో పార, ఇంకో చేతిలో ఖాళీ బిందె.

"తవ్వమన్నారు, తవ్వినాం. ఇప్పుడు పూడ్సమంతారేటి? ఇంకో నాలుగు దినాలు పోతే ఏటంతారు? ఈతకొట్టమంతారా?"

నేను నోరు తెరవబోయాను. అప్పలకొండ నా భుజం మీద చెయ్యేసి ఆపాడు. అప్ప ముందు ఇసకలో చతికిలబడి, గ్లాసుతో పాలు తెప్పించి, మొదటి నుంచి చెప్పాడు. ఒక్కో ముక్క ఎవరి దగ్గర నుంచి వచ్చిందో కూడా చెప్పాడు. తప్పు ఎక్కడ జరిగిందో దాచలేదు. చుట్టూ జనం చేరారు. అతను తడబడిన చోట మాస్టారు అందించారు, మాస్టారు తప్పిన చోట నూకరత్నం దిద్దింది. దిబ్బ మీద వాళ్లు ఎదురు ప్రశ్నలు వేశారు. చదువు చెప్పడం ఇంత గోలగా ఉంటుందని నాకు తెలియదు. వంపుడు గదిలో చీమ చిటుక్కుమనేది కాదు.

అంతా విని పైడమ్మ పార ఇసకలో గుచ్చింది. "ఎక్కడ తియ్యమంతావు?"

అందరూ నమ్మలేదు. కొన్ని కుటుంబాలు సామాను మూటలు కట్టుకుని ఒడ్డునే కూర్చున్నాయి. వాళ్లను తప్పు పట్టే ముఖం నాకు లేదు. మిగతావాళ్లం బావి పూడ్చాం, చెలమలు తీశాం. ఒడ్డు దగ్గర తీసినవి ఉప్పగా వచ్చాయి. పది అడుగులు లోపలికి జరిగితే చాలు, రుచి మారుతోంది. ఎక్కడ మారుతోందో అక్కడ పుల్ల గుచ్చుకుంటూ వెళ్లాం. మాస్టారు ప్రతి పుల్ల దగ్గరా ఆగి, "ఇక్కడెందుకు?" అని అడిగి మా ప్రాణాలు తోడేశారు.

నమోదు 11. శ్రావణం, గవ్వలదిబ్బ

తరలింపు నావ వచ్చింది.

నావ నడిపే సరంగు దిగి అందరినీ ఒకసారి చూశాడు. పెద్ద వయసు, ఎండకు కమిలిన ముఖం. ఇలాంటి దిబ్బలు చాలా ఖాళీ చేయించి ఉంటాడు. "ఎక్కీవోలు ఎక్కండి. పోటు తగ్గితే నావ కదల్దు."

మూటలు కట్టుకున్నవాళ్లు ఎక్కారు. ఒక ముసలాయన ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కాడు. ఎవరూ ఎవర్నీ ఆపలేదు. నాకు కరపత్రం భాషలో ఒక పెద్ద ఉపన్యాసం గొంతుదాకా వచ్చింది. మింగేశాను. రేపు ఎంతమందికి నీళ్లు సరిపోతాయో నాకే తెలియదు. తెలియనిదాన్ని ఏమని అరవను?

"మిగతావోలు?" అన్నాడు సరంగు.

"మేం ఉంతాం" అంది పైడమ్మ.

"ఏటి తాగి?"

పైడమ్మ అప్పలకొండ కేసి చూసింది. అతను లోపలి వరసలోని చెలమ దగ్గరకు వెళ్లాడు. పైన తేరుకున్న నీటిని, అడుగు కదలకుండా, మీగడ తీసినట్టు చెంబుతో ముంచాడు. నేను అతని చేతినే చూస్తున్నాను. మేం కట్టుకున్న శాస్త్రం మొత్తం ఆ మణికట్టులో ఉంది.

సరంగు చెంబు అందుకున్నాడు. దిబ్బల నీళ్లు ఎలా ఉంటాయో అతనికి అలవాటే. ఉమ్మెయ్యడానికి వీలుగా ముందే పక్కకు తిరిగి, ఒక గుక్క నోట్లో పట్టుకున్నాడు.

కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నావలో ఉన్నవాళ్లూ, ఒడ్డున ఉన్నవాళ్లూ అతని బుగ్గలనే చూస్తున్నారు.

ఉమ్మలేదు. ఆ గుక్క గొంతు దిగడం అందరికీ కనిపించింది.